సంగీతంలో పీజీ ప్రాజెక్టు: ప్రశ్న సాధనలోంచి రావాలి

సంగీతంలో పీజీ చివరికొచ్చేసరికి ఎవరి ప్రాజెక్టు వాళ్లు సొంతంగా చేసుకోవాలి. అప్పటిదాకా ఎవరో ఒకరు సిలబస్ ఇచ్చారు, పాఠం చెప్పారు, ఏది ఎప్పుడు నేర్చుకోవాలో నిర్ణయించారు. ఇప్పుడు ఏం చెయ్యాలో కూడా మనమే చెప్పాలి. చాలామంది తడబడేది అక్కడే. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. ఆ ప్రాజెక్టులో అడిగే ప్రశ్న మన సాధనలోంచి పుట్టాలి. గొంతుకో చేతికో అడ్డం పడుతూ, ఎన్నాళ్లుగానో తేలకుండా ఉన్న సందేహమై ఉండాలి. సంగీతం రానివాళ్లు కూడా పది పుస్తకాలు ముందేసుకుని రాసెయ్యగలిగిన ప్రాజెక్టయితే, దాన్ని ఇన్నేళ్లు సాధన చేసిన మనిషి చెయ్యడం దేనికి?

నా ప్రాజెక్టు పూర్తయ్యాక తర్వాతి బ్యాచ్‌లవాళ్లు సినాప్సిస్‌లు పట్టుకొచ్చి చూపించడం మొదలైంది. చదువుతుంటే అన్నీ ఒకే వరస. ఫలానా వాగ్గేయకారుడి కృతుల్లో భక్తి తత్త్వం, ఒక సమగ్ర పరిశీలన. ఫలానా వాద్యం పుట్టుక, పరిణామం, బాణీలు. మొదటి అధ్యాయం సంగీత చరిత్ర, రెండోది జీవిత చరిత్ర, మూడోది కృతుల పట్టిక, ఆ తర్వాత ఉపసంహారం. ఇవి రాసేవాళ్లలో బద్ధకస్తులెవరూ లేరు. రాత్రింబవళ్లు కూర్చుని రాస్తారు. అద్భుతంగా పాడేవాళ్లున్నారు, చిన్న ఆలాపనతో మనల్ని కదలకుండా కూర్చోబెట్టగలిగేవాళ్లున్నారు. ఆ విద్యంతా ప్రాజెక్టు గుమ్మం బయటే ఉండిపోతోంది. నా బాధ అదే.

వీణ వాయించే ఒక అమ్మాయితో జరిగిన మాటలు చెబితే నేననేది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ అమ్మాయి తెచ్చిన శీర్షికలో వీణ చరిత్ర మొత్తం ఉంది.

"ఇందులో నువ్వు వాయించేది ఎక్కడుందమ్మా?" అని అడిగాను.

"చివర్లో ప్రాక్టికల్ రికార్డింగ్ పెడతానక్కా. దానికి వేరే మార్కులున్నాయి."

"అది సరే. ఈమధ్య సాధన చేస్తుంటే నీకు ఎక్కడ చికాకు పుడుతోంది?"

కాసేపు ఆలోచించింది. "మీటు దగ్గరక్కా. కృతి వాయించేటప్పుడు సాహిత్యంలో అక్షరం పడ్డచోట మీటమంటారు మా గురువుగారు. అక్షరాన్ని బాగా సాగదీసే చోట నాదం మధ్యలోనే ఆరిపోతోంది. మళ్లీ మీటితే అక్కడ లేని అక్షరం వినపడినట్టుంటుంది. మీటకపోతే స్వరాన్ని ఊపే గమకం సగంలోనే వినపడకుండా పోతుంది. ఒక్కోచోట ఒక్కోలా చేస్తున్నాను. ఎందుకలా చేస్తున్నానంటే మాత్రం చెప్పలేను."

"నీ ప్రాజెక్టు అదేనమ్మా."

"ఇంత చిన్నదా అక్కా? గైడ్ గారు ఒప్పుకుంటారా?"

ఆ చిన్న సందేహంలో ఎంత ఉందో చూడండి. తీగను మీటే వాద్యాల్లో నాదం మొదలైన క్షణం నుంచే తగ్గుతూ పోతుంది. గొంతు, వయొలిన్, వేణువు అలా కాదు, ఊపిరి ఉన్నంతసేపు, కమాను నడిచినంతసేపు నిలబెట్టుకోవచ్చు. మన కృతులన్నీ గొంతు కోసం కట్టినవి. వాటిని వీణ మీదికి తెచ్చినప్పుడు అక్షరాన్ని కాపాడాలా, నాదాన్ని కాపాడాలా అన్న బేరం ప్రతి ఆవర్తంలోనూ, అంటే తాళం తిరిగే ప్రతి చుట్టులోనూ, వస్తుంది. ఒక్కో బాణీ ఆ బేరాన్ని ఒక్కోలా తేల్చుకుంది. పైగా ఇది చెవితో పట్టుకోగలిగిన విషయం, కంటితో చూడగలిగిన విషయం కూడా. రికార్డింగును కంప్యూటర్లో తెరిస్తే మీటు పడ్డ ప్రతిచోటా వేవ్‌ఫామ్ నిటారుగా లేచి, తర్వాత సన్నబడుతూ పోతుంది. ఒకే కృతిని నలుగురు వైణికులు వాయించిన రికార్డింగులు తీసుకుని, ఎవరెక్కడ మీటారో గుర్తు పెట్టి, కింద సాహిత్యం అక్షరాలు వేసి చూడొచ్చు. ఆ తర్వాత ఆ అమ్మాయి స్వయంగా రెండు మూడు రకాలుగా వాయించి రికార్డు చేసి, ఏ నిర్ణయం వల్ల ఏం దక్కింది, ఏం పోయింది అని రాయొచ్చు. వీణ పట్టుకోని మనిషికి ఈ ప్రశ్న తట్టను కూడా తట్టదు.

చిన్నది అన్న భయం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే శీర్షికలు ఉబ్బడానికి కారణం ఆ భయమే. యూరప్ దేశాల క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని అని లెక్క. చివరి ప్రాజెక్టుకు 30 క్రెడిట్లు ఇచ్చారనుకుంటే 750 నుంచి 900 గంటలు. వినడానికి బాగా ఎక్కువే. అందులోంచి చదవడానికి, రికార్డింగులకు, రాయడానికి, సవరణలకు, కచేరీ కూడా ఉంటే దాని సాధనకు పోగా, ఒక వాద్యం చరిత్రను సమగ్రంగా పరిశీలించడానికి ఏం మిగులుతుంది? ఒక్క కృతిలో మీటు ఎక్కడ పడుతోందో తేల్చడానికి మాత్రం ఆ గంటలు సరిగ్గా సరిపోతాయి. ఇంకో మాట కూడా. పెద్ద శీర్షిక పెట్టుకున్నవాళ్లు ఎవరో ముందే చెప్పిన మాటలు చెప్పక తప్పదు, అంత విస్తారాన్ని సొంత చెవితో ఎవరూ విని ఉండరు కాబట్టి.

నేను చేసింది తోడి రాగంలోని వర్ణం మీద, సాధన కోసం అందరం నేర్చుకునే రచన అది. వర్ణం మొత్తం కూడా కాదు, అందులో గాంధారం (గ) అనే ఒక్క స్వరం మీద. వర్ణాన్ని ఒకటో కాలంలో పాడి, ఆ వెంటనే రెండో కాలంలో పాడటం మనందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటే. రెండో కాలం అంటే లెక్క ప్రకారం ప్రతి స్వరమూ సగం సమయంలో పలకాలి. స్వరాలు ఆ లెక్కకు లొంగుతాయి. గమకం లొంగదు. ఒకటో కాలంలో గాంధారం మీద పడిన ఊపులన్నిటినీ రెండో కాలంలో రెట్టింపు వేగంతో ఇరికిస్తే గొంతు వణికినట్టు ఉంటుంది, తోడి తోడిలా ఉండదు. కొన్ని ఊపులు వదిలెయ్యాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ఎవరూ మాటల్లో చెప్పరు. గురువుగారు పాడతారు, మనం పట్టుకుంటాం. పట్టుకున్నాక మనమూ చెప్పలేం. వేగం పెరిగినప్పుడు గాంధారం దేన్ని వదులుకుని గాంధారంగా మిగులుతోంది అన్నదే నా ప్రశ్న. దాన్ని ఒక వాక్యంలో రాసుకుని బల్ల ఎదురుగా అంటించుకున్నాను. దారి తప్పుతున్నానేమో అనిపించినప్పుడల్లా దానివైపు చూసేదాన్ని.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. షడ్జం (స) 200 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే, శుద్ధ రిషభం (రి) సుమారు 213, తోడిలో వచ్చే సాధారణ గాంధారం 240, శుద్ధ మధ్యమం (మ) సుమారు 267 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. శ్రుతి మారితే ఈ అంకెలన్నీ మారిపోతాయి కాబట్టి, గాయకులను పోల్చేటప్పుడు సెంట్లలో చెప్పుకోవడం మేలు. అలెగ్జాండర్ ఎల్లిస్ 1885లో ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇది. ఒక స్థాయికి 1200 సెంట్లు, పియానో మీద పక్కపక్కనే ఉండే రెండు కీల మధ్య 100. ఆ కొలతలో మన సాధారణ గాంధారం 300కి అటూ ఇటూగా ఉండాలి. తోడి పాడి, స్వరం ఎత్తు క్షణక్షణం ఎలా మారిందో గ్రాఫ్ గీసి చూడండి. 300 దగ్గర చదునైన గీత కనపడదు. గాంధారం అని మనం పేరు పెట్టి పిలుస్తున్న చోట, రిషభం వైపు దిగుతూ మధ్యమం వైపు ఎక్కుతూ అలలు అలలుగా ఒక కదలిక ఉంటుంది. అదే సాధారణ గాంధారం భైరవి రాగంలో ఇంకోలా కదులుతుంది, ధన్యాసి రాగంలో మరోలా. పేరు ఒకటి, స్థానం ఒకటి, పలికే తీరు మూడు రకాలు. పాడేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు, అయినా కాగితం మీద కళ్లారా చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

రికార్డింగు విషయంలో మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను: కొలవడానికి చేసే రికార్డింగు, కచేరీ రికార్డింగు ఒకటి కావు. తంబూర శబ్దం మైకులో పడితే శ్రుతి గుర్తించే సాఫ్ట్‌వేర్ గొంతును వదిలేసి తంబూర వెంట పోతుంది. అందుకని తంబూరను హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వింటూ, మైకుకు గొంతు మాత్రమే అందేలా పాడాలి. మొదట్లో ఇది చాలా వింతగా ఉంటుంది, తంబూర నాదం గదిలో నిండి లేకపోతే పాడబుద్ధి కాదు. అలవాటు పడాల్సిందే. ఫైలు ఎంపీ3గా కాకుండా వేవ్‌గా దాచాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అయితే నిమిషానికి 8.6 ఎంబీ దాకా అవుతుంది, ఈ రోజుల్లో అదేమంత బరువు కాదు. సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనీ లేదు. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో తయారైన సోనిక్ విజువలైజర్, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో మాటల ధ్వనుల పరిశోధన కోసం పుట్టిన ప్రాట్, రెండూ ఉచితమే. ఇవి ఒక్కోసారి స్థాయి పొరపడతాయి, మధ్య స్థాయి గాంధారాన్ని పై స్థాయిలోనో కింది స్థాయిలోనో చూపిస్తాయి. గ్రాఫ్‌ను గుడ్డిగా నమ్మకుండా, పక్కనే ఆడియో పెట్టుకుని అంగుళం అంగుళం వింటూ సరిచూసుకోవాలి. విసుగొచ్చే పనే. చెవి పదునెక్కేది కూడా ఆ పనిలోనే.

ఇందులో నాకు బాగా ఉపయోగపడిన ప్రయోగం చాలా సులువైనది. ఒకటో కాలంలో నేను పాడిన ఆవర్తాన్ని, శ్రుతి మారకుండా, సాఫ్ట్‌వేర్‌తో సరిగ్గా రెట్టింపు వేగానికి తెచ్చాను. దాని పక్కన, రెండో కాలంలో నేను నిజంగా పాడిన ఆవర్తాన్ని పెట్టాను. ఏది ఏదో చెప్పకుండా పాడటం వచ్చినవాళ్లకు వినిపించాను. విన్నవాళ్లు మొదటిదాన్ని వెంటనే పట్టేసేవారు. "ఇదేంటి, కంగారుగా ఉంది" అన్నారు ఒకరు. రెండు గ్రాఫ్‌లూ పక్కపక్కన పెడితే ఆ కంగారు ఎక్కడుందో కనిపించింది. యంత్రం తెచ్చిన దాంట్లో ఊపులన్నీ ఉన్నాయి. నేను పాడిన దాంట్లో కింది వైపు దిగే ఊపులు చాలావరకు రాలిపోయాయి, మధ్యమం వైపు ఎక్కే ఊపు మాత్రం దాదాపు ప్రతిసారీ నిలబడింది. అలా పాడమని నాకు ఎవరూ చెప్పలేదు. గొంతు నేర్చుకున్న ఆ సంగతిని మాటల్లో పెట్టగలిగాను. ప్రాజెక్టు అంతటికీ ఫలితం అదే. ఇది నా గొంతుకు, నేను నేర్చుకున్న బాణీకి వర్తించే మాట అని థీసిస్‌లో స్పష్టంగా రాశాను. ఇతరుల రికార్డింగులతో పోల్చినప్పుడు కొన్నిచోట్ల కలిసింది, కొన్నిచోట్ల కలవలేదు. కలవని చోట్లనే ఎక్కువ పేజీలు రాశాను.

ఇలాంటి పనిని చూసి వచ్చే మొదటి అభ్యంతరం: ఇదంతా వ్యక్తిగతం, పరిశోధన ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మన దగ్గరే కాదు, కళలు నేర్పే ప్రతిచోటా నలిగింది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లో కళారంగపు పరిశోధనను మూడు రకాలుగా విడదీసి చూపించాడు: కళ గురించి చేసేది, కళ చేస్తూ దాని ద్వారా చేసేది, కళాకృతి తయారీ కోసం చేసేది. సంగీత చరిత్ర రాయడం మొదటిదాని కిందికి వస్తుంది. కచేరీకి సిద్ధం కావడానికి పాఠాంతరాలు వెతుక్కోవడం మూడోది. తోడి గాంధారాన్ని పాడి, కొలిచి, మళ్లీ పాడి తేల్చుకోవడం రెండోది. బెల్జియంలోని గెంట్‌లో 1996లో మొదలైన ఆర్ఫియస్ ఇన్‌స్టిట్యూట్ సంగీతంలో సరిగ్గా ఈ రకం పరిశోధన మీదే పని చేస్తోంది. కాబట్టి ఇది పరిశోధనేనా అని బెదరాల్సిన అవసరం లేదు. బెదరాల్సింది ఇంకోచోట ఉంది: నేను పాడాను, నాకిలా అనిపించింది, అని ఆగిపోవడం దగ్గర. అనిపించినదాన్ని ఇంకొకరు విని కాదనగలిగేలా ఎదురుగా పెట్టాలి. రికార్డింగు పెట్టాలి, ఏ క్షణం దగ్గర వినాలో చెప్పాలి, కొలిచిన పద్ధతి రాయాలి. అప్పుడు అది సొంత అనుభవమైనా పదిమంది పరీక్షించగలిగిన మాట అవుతుంది.

స్వరలిపి గురించి కూడా ఇక్కడే చెప్పాలి, చాలా థీసిస్‌లలో పేజీలకు పేజీలు నొటేషన్ నిండి ఉంటుంది కాబట్టి. అమెరికన్ సంగీత పరిశోధకుడు చార్లెస్ సీగర్ 1958లో ఒక వ్యాసంలో సంగీతాన్ని రాసే పద్ధతులు రెండని చెప్పాడు. ఎలా పాడాలో చెప్పే రాత ఒకటి, ఎలా పాడారో నమోదు చేసే రాత మరొకటి. మన నొటేషన్ దాదాపు అంతా మొదటి రకం. పాట ముందే తెలిసినవాళ్లకు గుర్తు చెయ్యడానికి రాసుకునేది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు పెట్టి, ఒక్కో స్వరం మీద ఏ గమకమో చూపించే ప్రయత్నం చేశారు. అంత పెద్ద పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అందులో కంపితం అనే గమకం గుర్తు చూసి కంపితం పాడాలంటే, ఆ రాగంలో కంపితం ఎలా ఉంటుందో గొంతుకు ముందే తెలిసి ఉండాలి. అలాంటిది, మామూలు సరిగమల నొటేషన్ వేసి, దాన్నే ఆధారంగా చూపించి, ఈ కృతిలో రాగ స్వరూపం ఇలా ఉంది అని తేల్చెయ్యడం నాకు మింగుడుపడదు. రాగం ఉండేదంతా ఆ అక్షరాల మధ్యన. నొటేషన్ ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. దాని పక్కన ధ్వని లేకపోతే మాత్రం వాదన నిలబడదు.

ధ్వని వినకుండా కాగితం మీదున్నదాన్నే నమ్మే ఈ సమస్య, పియానో వాయించే స్నేహితురాలికి ఇంకో రూపంలో ఎదురైంది. పియానిస్టు గ్లెన్ గౌల్డ్, బాఖ్ రచన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ని 1955లో ఒకసారి, 1981లో మరోసారి స్టూడియోలో రికార్డు చేశాడు. మొదటిది 38 నిమిషాల పైచిలుకు, రెండోది 51. వయసుతో పాటు నెమ్మదించాడు అని అంకె చూసి రాసెయ్యడం తేలిక. మొదట్లో వచ్చే 'ఏరియా' అనే అసలు పాట విషయంలో అది నిజమే కూడా, మొదటిసారి రెండు నిమిషాల లోపే ముగిసింది, రెండోసారి మూడు నిమిషాలు పట్టింది. అయితే మొత్తం నిడివిలోని ఆ తేడా అంతా వేగం వల్ల వచ్చింది కాదు. 1955లో వదిలేసిన పునరావృతాలు (ఒక భాగాన్ని మళ్లీ వాయించాల్సిన చోట్లు) కొన్నిటిని 1981లో వాయించాడు. స్కోరు ముందు పెట్టుకుని, ఆ ముక్కలు తన వేళ్లతో వాయించి చూసినవాళ్లకు అది మొదటి విడతలోనే దొరుకుతుంది. అంకెలు ముందు తీసుకుని సంగీతం తర్వాత వినే ప్రాజెక్టులు పడే గొయ్యి ఇదే. మన పాత గ్రామఫోన్ రికార్డుల దగ్గరా అంతే. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలకు కొంచెం అటూ ఇటూగా పడుతుంది. ఆ రోజుల్లో కృతిని క్లుప్తంగా, వేగంగా పాడేవారు అని ఆ ప్లేట్లు విని రాసేముందు, కచేరీలోనూ అలాగే పాడేవారా అని ఆగి అడగాలి. ప్లేటు నిడివి పాటను ఎక్కడ కత్తిరించిందో గుర్తించగలిగేది ఆ పాటను పూర్తిగా పాడగలిగినవాళ్లే.

గురువుగారికీ గైడ్ గారికీ మధ్య నలిగిపోవడం ఒకటి ఉంటుంది, దాని గురించి ఎవరూ రాయరు. గురువుగారు ఇలా పాడాలమ్మా అంటారు. గైడ్ గారు ఎందుకు అలా, ఆధారం ఏమిటి అంటారు. గురువుగారి పాట తీసుకెళ్లి గ్రాఫ్ గీసి, ఇక్కడ మీరు చెప్పింది ఒకటి, పాడింది ఇంకొకటి అని రాయడానికి ఏ శిష్యురాలికైనా చెయ్యి రాదు. నేను ఆ మాట దాచుకోకుండా గురువుగారితోనే మాట్లాడాను. ఏం కొలుస్తున్నానో చెప్పాను, రికార్డు చెయ్యడానికి అనుమతి అడిగాను, రాసిన పేజీలు ముందుగా ఆవిడకే చదివి వినిపించాను. చెప్పే పద్ధతికీ పాడే తీరుకూ తేడా ఉన్నచోట వచ్చినప్పుడు ఆవిడ ఏమాత్రం నొచ్చుకోలేదు. "చెప్పేటప్పుడు విడదీసి చెబుతామమ్మా. పాడేటప్పుడు విడదీస్తే ఎలా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నా మూడో అధ్యాయం మలుపు తిరిగింది. బోధనలో గాంధారం, కచేరీలో గాంధారం వేరువేరుగా చూడాలన్న ఆలోచన ఆవిడ ఇచ్చిందే, అలా అని థీసిస్‌లో రాశాను కూడా. మనకు విద్య ఇచ్చినవాళ్లను సమాచారం ఇచ్చినవాళ్లుగా ఫుట్‌నోట్‌లో పడెయ్యడం నాకు సమ్మతం కాదు. వాళ్లు ఆ పనిలో భాగస్వాములు. సొంతంగా చెయ్యడమంటే నిర్ణయాలకు మనం బాధ్యత తీసుకోవడం. ఎవరినీ అడగకుండా గదిలో తలుపు వేసుకుని కూర్చుంటే సంగీతంలో ఏదీ జరగదు.

స్వరరచన ప్రాజెక్టుగా తీసుకున్నవాళ్లకూ ఈ మాటలే వర్తిస్తాయి. కొత్త రచన చేసి, దాని వెనక తాత్త్విక నేపథ్యం అంటూ ముప్పై పేజీలు అతికించే బదులు, ఆ రచన చేస్తున్నప్పుడు ఎక్కడ ఆగిపోయారో, రెండు దారుల్లో ఒకటి ఎందుకు ఎంచుకున్నారో, వదిలేసిన చిత్తుప్రతులతో సహా చూపిస్తే అది చదివేవాళ్లకు ఎంతో ఉపయోగం.

రాయడం చివరికి పెట్టుకోవద్దని అందరూ చెప్పే మాటే నేనూ చెబుతాను, కారణం మాత్రం వేరు. టైము చాలదని కాదు. సాధనలో తేలిన సంగతి సాయంత్రానికి నిలవదు. పొద్దున తంబూర దగ్గర కూర్చున్నప్పుడు స్పష్టంగా పట్టుబడిన తేడా, సాయంత్రం రాయబోతే 'ఇక్కడ గమకం బాగుంది' అన్న వాక్యంగా మిగులుతుంది. అందుకని సాధన అయిన వెంటనే, తంబూర ఆపకముందే, రెండు వాక్యాలు రాసుకునేదాన్ని. అవి మంచి తెలుగులో ఉండేవి కావు, పూర్తి వాక్యాలు కూడా కావు. 'రి దగ్గర దిగలేదు, అయినా తోడే' లాంటివి. థీసిస్‌లో బలమైన పేరాలన్నీ ఆ ముక్కల్లోంచే పెరిగాయి. హంగేరియన్ స్వరకర్త బార్టోక్ జానపద గీతాలను 1906 నుంచి ఫోనోగ్రాఫ్ సిలిండర్ల మీద రికార్డు చేసి స్వరాలు రాసుకున్నాడు. 1934 నుంచి హంగేరియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్‌లో పని చేస్తూ ఆ పాత రికార్డింగులను మళ్లీ మళ్లీ విని, తన రాతను తానే మార్చుకుంటూ పోయాడు. పాట అదే, సిలిండరు అదే. ముప్పై ఏళ్లలో ఆయన చెవి మారింది. మన ప్రాజెక్టు కాలం కొన్ని నెలలే అయినా చెవి తప్పకుండా మారుతుంది. మొదటి నెల విన్నదాన్ని చివరి నెల మళ్లీ వినడానికి కొంత సమయం ముందే పక్కన పెట్టుకోండి.

ఇక సమర్పణ. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. బైండింగ్ చేసిన కాపీలు ఎన్ని ఇవ్వాలి, మార్జిన్ ఎంత ఉండాలి, అట్ట ఏ రంగులో ఉండాలి అన్నవి నిబంధనల్లో వివరంగా ఉన్నాయి. ఆడియో ఎలా ఇవ్వాలో ఒక్క వాక్యం లేదు. అడిగితే, చివరి అట్ట లోపల కవరు అతికించి సీడీ పెట్టండి అన్నారు. సంగీతం డిగ్రీకి ఇచ్చే పుస్తకంలో సంగీతం ఉండాల్సిన చోటు చివరి అట్ట లోపలి కవరా? నేను ప్రతి గ్రాఫ్ కింద ఆడియో ఫైలు పేరు, ఏ నిమిషం ఏ సెకను దగ్గర వినాలో వేశాను. ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసి వైవాకు తీసుకెళ్లాను, స్పీకరు కూడా వెంట పెట్టుకున్నాను. పరీక్షకుల్లో ఒకరు రెండో కాలం ఫలితం మీద అనుమానం వెలిబుచ్చారు. జవాబుగా ముందు ఫైలు వినిపించాను, తర్వాత అక్కడికక్కడే ఆ ఆవర్తం రెండు రకాలుగా పాడాను. ఆయన తనకు తెలిసిన ఇంకో తీరు పాడి చూపించారు. ఆ తర్వాతి పావుగంట టెన్షన్ అన్నది గుర్తు లేదు. ముగ్గురం ఒక స్వరం గురించి, దాన్ని పాడుతూ, వాదించుకున్నాం. ప్రతి సంగీత వైవా అలా జరగాలని నా కోరిక. నిబంధనలు రాసేవాళ్లు మొదటి పేజీలోనే ఆడియోకు చోటిస్తే అలా జరిగే అవకాశం పెరుగుతుంది.

డిగ్రీ వచ్చాక చెయ్యాల్సిన పని ఇంకొకటి ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. రికార్డింగులన్నిటినీ, థీసిస్‌లో వాడనివాటితో సహా, ఒకచోట పెట్టాలి. ఒక్కో ఫైలు పక్కన శ్రుతి ఎంత, ఏ తేదీన, ఏ కాలప్రమాణంలో పాడింది, ఇతరుల గొంతయితే వాళ్లు దేనికి అనుమతించారు, దేనికి వద్దన్నారు అన్నది రాసి పెట్టాలి. వాళ్లు వద్దన్నవి ఎవరికీ ఇవ్వకూడదు. ఈ జాబితా తయారు చెయ్యడం ప్రాజెక్టు జరుగుతుండగానే మొదలుపెడితే పెద్ద పనేం కాదు. నా ఫైళ్లను తర్వాతి బ్యాచ్‌వాళ్లు అడిగి తీసుకున్నారు. వాళ్లలో ఒకరు వయొలిన్ విద్యార్థి. గొంతులో రాలిపోయిన ఆ కింది ఊపులు వయొలిన్ మీద రెండో కాలంలోనూ నిలబడుతున్నాయని, నేను రాసింది తన వేళ్ల దగ్గర పొసగడం లేదని వచ్చి చెప్పాడు. ఇప్పుడు అతని ప్రాజెక్టు అదే.